అప్‌డేట్: మామిడి పూత తేదీ లెక్క కుదిరింది

నవంబర్ రాత్రి ఉష్ణోగ్రతల సగటును బట్టి చిత్తూరు దగ్గర తోతాపురి పూత తేదీని లీనియర్ రిగ్రెషన్‌తో (గ్రాఫ్‌లో చుక్కలకు దగ్గరగా ఒక సరళరేఖ గీసే లెక్కతో) అంచనా వేస్తుంటే గీత అడ్డదిడ్డంగా వస్తోందని అడిగాను కదా, తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

తంటా అంతా తేదీని జనవరి 1 నుంచి లెక్కపెట్టడంలోనే ఉంది. డిసెంబర్ 28 అంటే 362, జనవరి 6 అంటే వట్టి 6. ఇక్కడ ఒకరు చెప్పినట్టు అక్టోబర్ 1ని ఒకటో రోజుగా పెడితే అవే 89, 98 అయ్యాయి. ఎక్సెల్‌లో పూత తేదీలోంచి దానికి ముందొచ్చిన అక్టోబర్ 1 తీసేసి 1 కలపాలి. సెల్ ఫార్మాట్ నంబర్‌కి మార్చకపోతే జవాబు మళ్లీ ఏదో తేదీలా కనబడొచ్చు.

ఇప్పుడు గీత వాలు పాజిటివ్: రాత్రులు వెచ్చగా ఉన్న ఏడు పూత ఆలస్యం. కల్తార్ (పాక్లోబ్యుట్రజాల్ మందు) పోసిన ఏళ్ల వరసలు డేటాలోంచి తీసేయాలి, ఆ మందు పూతను త్వరగా తెప్పిస్తుంది. వర్షపాతం కాలమ్ వల్ల ఒరిగిందేమీ లేదు.