టెంపో మార్క్‌లో నోటు గుర్తు బదులు డబ్బా వస్తోంది, ఎవరైనా చెప్పండి

స్వరపిచ్చి:
అందరికీ నమస్తే. ఫ్రెండ్ పంపిన స్కోర్ ఫైలు (సంగీతాన్ని గుర్తుల్లో రాసినది) ఓపెన్ చేస్తే స్టాఫ్ మీద, అంటే ఆ అయిదు గీతల మీద నోట్స్, మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు అన్నీ బానే ఉన్నాయి కానీ పైన టెంపో (వేగం) దగ్గర క్వార్టర్ నోట్ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా వస్తోంది, కార్డ్ (chord) పేర్లలో స్వరం తగ్గించే ఫ్లాట్ గుర్తుదీ అదే గతి. ఇంకో పాత ఫైల్లో అయితే ట్రెబుల్ క్లెఫ్ చోట ఏకంగా & కూర్చుంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, ఏం మారలేదు. ఫైలే పాడైందంటారా?

పాతస్కోర్లు:
ఫైలుకేం కాలేదండీ. ఇవి రెండూ వేర్వేరు రోగాలు. 1985 నాటి అడోబీ సొనాటా దగ్గర్నుంచి ఫినాలే అనే స్కోర్లు రాసే సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన మాస్ట్రో దాకా పాత ఫాంట్లలో సంగీతం గుర్తుల్ని మామూలు కీబోర్డ్ అక్షరాల చోట్లలోనే దూర్చేవాళ్లు, & కొడితే ట్రెబుల్ క్లెఫ్, ? కొడితే బేస్ క్లెఫ్. ఆ ఫాంట్ మీ దగ్గర లేకపోతే సిస్టమ్ చేతికందిన ఇంకేదో ఫాంట్ తగిలిస్తుంది, అసలు అక్షరం బయటపడుతుంది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనబడతాయి చూడండి, అచ్చం అదే.

డబ్బా సంగతి వేరు. 2013లో స్టైన్‌బర్గ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు బ్రావురా ఫాంట్‌తో పాటు, ఫాంట్లో ఏ సంగీతం గుర్తు ఏ స్థానంలో ఉండాలో చెప్పే స్మఫల్ (SMuFL) అనే పద్ధతి తెచ్చారు, ఇప్పటి మ్యూజిక్ ఫాంట్లు చాలావరకు దాన్నే పాటిస్తాయి. అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ప్రైవేట్ యూజ్ ఏరియా అని ఎవరికీ కేటాయించకుండా వదిలేసిన 6400 స్థానాలున్నాయి, గుర్తులు అక్కడ ఉంటాయి. మామూలు టెక్స్ట్ ఫాంట్లో అక్కడ ఏమీ ఉండదు కాబట్టి డబ్బా. స్టాఫ్ మీదవి స్కోర్ ఫాంట్ నుంచి వస్తాయి, టెంపో లైన్ మాత్రం టెక్స్ట్ ఫాంట్ నుంచి, అందుకే ఒకటి బాగుండి ఒకటి పోయింది.

బ్రావురా టెక్స్ట్ ఇన్‌స్టాల్ చేసి టెంపో స్టైల్లో అది పెట్టండి. ఉత్త బ్రావురా కాదు, అది టెక్స్ట్‌లో వాడితే లైన్ల మధ్య ఎడం విపరీతంగా పెరిగిపోతుంది.

ఫాంట్లగోల:
విండోస్ అయితే ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అనే కొట్టండి, ఊరికే ఇన్‌స్టాల్ అంటే మీ యూజర్ ఫోల్డర్లో పడుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ వెతకనే వెతకవు. తర్వాత ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఫాంట్‌ని తిడతారు 😄

స్వరపిచ్చి:
ఆల్ యూజర్స్ కొట్టాక టెంపో వచ్చేసింది, థాంక్స్! ఫ్లాట్ ఇంకా డబ్బానే.

పాతస్కోర్లు:
కార్డ్ సింబల్స్‌కి స్టైల్ విడిగా ఉంటుంది, టెంపోది మారిస్తే అది మారదు. అక్కడా ఫాంట్ పెట్టండి. & వచ్చే ఫైలుని మాత్రం అతుకులేసి బాగుచెయ్యకండి, మీ ఫ్రెండ్‌ని మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్‌గా (వేర్వేరు స్కోర్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి, అందులో ఫలానా క్లెఫ్ అని రాసుంటుంది గానీ ఫాంట్‌లోని అక్షరం ఉండదు.

స్వరపిచ్చి:
ఫ్లాట్ కూడా వచ్చిందండీ. రెండో ఫైలు మళ్లీ పంపమని ఇప్పుడే మెసేజ్ పెట్టా.