అంపైర్ అంటే ఉద్ది లేనివాడు

మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు "అంపైర్‌ను తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. తీర్పరి, మధ్యవర్తి, న్యాయనిర్ణేత, తటస్థుడు అని జవాబులు వచ్చాయి. ఏదీ తప్పు కాదు. తీర్పరి చక్కటి పాత మాట. తటస్థుడు నాకు మరీ ఇష్టం. తటం అంటే గట్టు కదా, నీళ్లలో దిగకుండా గట్టు మీద నిలబడి చూసేవాడు. అయినా నా మనసు ఇంకో మాట మీద ఉంది. కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

అంపైర్ ఇంగ్లీషు మాట అనుకుంటాం గానీ వాళ్లకూ అది అరువే. పాత ఫ్రెంచిలో 'నాన్‌పెర్' అనేవారు. నాన్ అంటే కాదు, పెర్ అంటే సమానుడు, జత. అంటే జత లేనివాడు, బేసిగా మిగిలినవాడు. ఇద్దరు తగాదా పడుతుంటే ఎవరి పక్కనా చేరని మూడోవాడు. అది ఇంగ్లీషులోకి 'నౌంపెర్' అయి వచ్చింది. ముందు 'ఎ' చేర్చి 'ఎ నౌంపెర్' అంటుంటే, ఆ 'న' ఏ మాటదో తెలియక జనం దాన్ని ముందుకు అంటించి 'యాన్ ఔంపెర్' చేశారు. వంటింట్లో కట్టుకునే యాప్రన్ కూడా ఇట్లాగే మొదటి 'న' పోగొట్టుకుంది. ముందు అది న్యాప్రన్. క్రికెట్‌కు 1744లో రాసిన నియమాల్లో అంపైర్ ఉన్నాడు, కానీ ఆ మాట ఆట కంటే చాలా పాతది.

ఇది తెలిసిన రోజు నాకు హన్మకొండలో మా చిన్నప్పటి ఉద్దులు గుర్తొచ్చాయి.

ఉద్ది అంటే సరిజోడు. "వాడు నా ఉద్దీడు" అంటే నాకు సమానమైనవాడు, నా ఈడువాడు. ఆటకు రెండు జట్లు కావాలంటే ఇద్దరు పెద్దపిల్లలు కూర్చునేవాళ్లు. మిగిలినవాళ్లు ఆటలో సమానంగా ఉన్నవాళ్లను చూసుకొని ఇద్దరిద్దరు ఉద్దులు పట్టేవాళ్లు. భుజం మీద చెయ్యేసుకొని దూరం పోయి, గుసగుసగా దొంగపేర్లు పెట్టుకొని వచ్చి అడిగేవాళ్లు: "మామిడిపండు కావాల్నా, జామపండు కావాల్నా?" ఎవరిని కోరుకున్నా నష్టం లేదు, ఎందుకంటే ఇద్దరూ సమానమే. ఏ జట్టుకు ఎవరు పోతారో ముందే తెలియదు కాబట్టి ఎవరూ మోసం చేయలేరు. అంపైర్ రాకముందే న్యాయం అక్కడ మొదలయ్యేది. పిల్లలు తమంత తాము కట్టుకున్న ఈ ఏర్పాటు ఎంత గొప్పదో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

పిల్లలు బేసిగా ఉంటే ఒకడు మిగులుతాడు. వాడికి ఉద్ది లేదు. మరీ చిన్నవాడైతే ఆటలో అరటిపండు, కాకపోతే అంపైర్. నాన్‌పెర్ అంటే అచ్చంగా ఇదే! ఫ్రెంచి వాళ్లు ఒక మాటలో పెట్టింది మా గల్లీలో రోజూ సాయంత్రం జరిగేది.

ఒకరోజు అట్లా నేను మిగిలాను. ముగ్గుపిండితో గీసిన క్రీజు, మూడు ఇటుకలు వికెట్టు. మా అన్న రెండో పరుగుకు వచ్చి బ్యాటు నేలకు రాస్తూ సాగదీశాడు, అంతలో బంతి ఇటుకలకు తగిలింది. నేను గీత మీదనే చూపు పెట్టి ఉన్నాను. బ్యాటు గీతకు బెత్తెడు ఇవతలే ఆగింది. ఔట్ అన్నాను. "కండ్లు కనవడ్తలేవా?" అని అన్న మీదికొచ్చాడు. అవతలి జట్టులో ఒకడు వచ్చి బ్యాటు తిప్పి చూశాడు. అడుగున ఎర్రమట్టి ఉంది గానీ ఒక్క ముగ్గు రేణువు లేదు. అన్న ఇంకేం మాట్లాడలేదు. రాత్రి పడుకున్నాక, చీకట్లో, "ఇమాన్‌గ చెప్పు, నిజంగ ఔటేనా?" అని అడిగాడు. "ఔటే అన్నా" అన్నాను. "అట్లయితె సరే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్లయినా ఆ 'సరే' నా చెవిలో ఉంది.

ఆ రోజు నేను ఏ జట్టులోనూ లేను కాబట్టి అది చెల్లింది. చాలా రోజులు సరి సంఖ్యలో ఉండేవాళ్లం, అప్పుడు బ్యాటింగ్ జట్టువాడే అంపైర్. వాడికి ఉద్ది ఉంది, జట్టు ఉంది, తన వంతు బ్యాటింగ్ మిగిలి ఉంది. అక్కడే "తొండి, తొండి!" అన్న అరుపు మొదలు.

తొండి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారు. తెలిసి చేస్తేనే తొండి. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు అంపైర్‌కు వినపడకపోతే అది తప్పు, పొరపాటు. వినపడి కూడా వినపడనట్టు ఉంటే అది తొండి. టీవీ ముందు కూర్చొని ప్రతి తప్పు నిర్ణయానికీ "అంపైర్ తొండి" అనడం నాకు బాధ కలిగిస్తుంది. రెప్పపాటులో చెప్పాల్సిన మనిషి ఆయన. కబడ్డీలోనైతే కండ్లతో పాటు చెవులు కూడా అప్పగించాలి, కూత ఎక్కడ తెగిందో వినాలి.

క్రికెట్‌లో ఇంకో నియమం ఉంది. 31వ నియమం ప్రకారం ఫీల్డింగ్ జట్టు అడగకపోతే అంపైర్ ఔట్ ఇవ్వకూడదు. అడగందే అమ్మైనా పెట్టదు అన్నట్టే. అడిగిన జట్టు కెప్టెన్ ఆ అప్పీలు వెనక్కి తీసుకోవచ్చు కూడా. 1980లో ముంబైలో ఇంగ్లండ్‌తో టెస్టులో బాబ్ టేలర్‌ను కీపర్ క్యాచ్ కింద ఔట్ ఇచ్చారు. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ బంతి తగల్లేదని నమ్మి, పోతున్న టేలర్‌ను వెనక్కి పిలిచాడు. ఇంగ్లండ్‌కు అంతకుముందే 58 పరుగులకు 5 వికెట్లు పోయి ఉన్నాయి. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం. తొండికి ఎదురుమాట ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ మ్యాచ్ చూపిస్తాను. మాటగా అయితే మా వైపు ఇమాన్ ఉంది, అంటే నిజాయితీ. ఉర్దూ నుంచి వచ్చినా, పిల్లలు ఒట్టు వేయించుకునేటప్పుడు నోటికి వచ్చేది అదే.

కింద వచ్చిన కామెంట్లకు:

కరీంనగర్ అక్కా, మీరు చెప్పిన 'పెద్దమనిషి' మంచి మాటే. అయితే ఊళ్లో పెద్దమనిషికి రెండు వైపులా చుట్టాలుంటారు, అదే చిక్కు. పంచాయితి మాట మీరే గుర్తుచేశారు కాబట్టి చెప్తున్నాను: అయిదుగురు కూర్చొని తగవు తీర్చేది పంచాయితి అయితే, మన దగ్గర తగవే పంచాయితి అయింది. "పొద్దుగాల్నే పంచాయితి పెట్టుకున్నరు" అంటాం. చూడండి, అయిదు కూడా బేసే. మధ్యవర్తిత్వానికి మన దేశంలో ఉన్న 1996 చట్టంలో పదో సెక్షన్, మధ్యవర్తుల సంఖ్య సరి సంఖ్య కాకూడదంటుంది. అంతకుముందు 1940 చట్టంలో, మధ్యవర్తులు సరి సంఖ్యలో ఉంటే వాళ్లే ఒక 'అంపైర్'ను పెట్టుకోవాలని ఆ మాటతోనే ఉండేది.

భారతం తెచ్చి, బలరాముడు అంపైరే కదా అన్న సార్‌కు: గదాయుద్ధంలో నాభికి దిగువ కొట్టకూడదన్న నియమం ఉంది, భీముడు తొడ మీద కొట్టాడు, బలరాముడు నాగలి ఎత్తాడు. భీముడూ దుర్యోధనుడూ ఇద్దరూ ఆయన శిష్యులే, కాబట్టి తటస్థుడనవచ్చు. కానీ అంపైర్ అనలేను సార్. ఆయన మాటకు కట్టుబడతామని ఆడేవాళ్లు ముందే ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోలు లేకపోతే ఎంత బలవంతుడైనా చూసేవాళ్లలో ఒకడే.

టీవీలో మళ్లీ చూసి తీర్పు చెప్పే థర్డ్ అంపైర్‌ను 'ముక్కంటి' అందామన్న జనగామ చెల్లెకు నా పూర్తి మద్దతు. ముక్కంటికే బేసికంటి అని ఇంకో పేరు, అంటే మళ్లీ బేసి దగ్గరికే వచ్చాం. వేయిస్తంభాల గుడి నీడలో పెరిగినవాళ్లకు ఆ పేరు పరాయిది కాదు. 1992లో డర్బన్‌లో ఆ మూడో కన్ను తెరిచినప్పుడు మొదట రనౌట్ అయింది మన సచినే.

ఇక మీ వైపు సంగతి చెప్పండి. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల వాళ్లు ఉద్దులు పట్టేటప్పుడు ఏమని అడిగేవాళ్లు? మామిడిపండు, జామపండేనా, వేరే పేర్లా? మిగిలిపోయిన పిల్లవాడిని ఏమనేవాళ్లు? ఇంట్లో అమ్మమ్మనో తాతనో అడిగి, వాళ్లు పలికినట్టే రాయండి.