'నాకు ఉంది' అంటే 'ఐ యామ్ హ్యావింగ్' కాదు

– బ్యాంకు అప్పు దరఖాస్తులో 'ఐ యామ్ హ్యావింగ్ టూ ఎకర్స్ నియర్ రాజోలు' అని రాస్తే తప్పేనా అండీ? మావైపు చాలామంది ఇలాగే రాస్తున్నారు.

– తప్పేనండి. 'ఐ హ్యావ్ టూ ఎకర్స్' అనాలి. అసలు చిక్కు మన వాక్యంలోనే ఉంది. 'నాకు రెండెకరాలున్నాయి' అన్నప్పుడు కర్త రెండెకరాలు, అందుకే 'ఉన్నాయి' అని బహువచనం వచ్చింది. ఇంగ్లీషులో కర్త 'ఐ'. ఆ తేడా దాటడానికి మనం 'కలిగి ఉన్నాను' అనే పుస్తకాల మాట మధ్యలో పెట్టుకుంటాం. దాన్ని ముక్కకు ముక్క మారిస్తే కలిగి 'హ్యావింగ్', ఉన్నాను 'యామ్' అయి కూర్చుంటాయి.

పొలం, పిల్లలు, జ్వరం, అనుమానం, వీటికి 'ఇంగ్' వద్దు. మొదలై కాసేపటికి ముగిసే పనికైతే పెట్టొచ్చు: 'దే ఆర్ హ్యావింగ్ లంచ్'. మోటారు మొరాయిస్తుంటే 'వి ఆర్ హ్యావింగ్ ట్రబుల్ విత్ ది పంప్' కూడా సరైనదే.

– మరి ఊరి గురించి రాసేటప్పుడో మాస్టారూ? 'ఇన్ అవర్ విలేజ్ ఈజ్ హ్యావింగ్ లాక్స్' అని ఒక అర్జీలో ఉంది. లాక్స్ అంటే కాలువ మీది లాకులు.

– 'లో' ఉన్న మాట 'హ్యావ్'కి కర్త కాదండి. 'దేర్ ఆర్ లాక్స్ ఇన్ అవర్ విలేజ్' అనండి, లేదా 'ఇన్' తీసేసి 'అవర్ విలేజ్ హ్యాజ్ లాక్స్' అనండి. రెండూ కలిపితే వాక్యానికి కర్తే మిగలదు. ధవళేశ్వరం గురించైతే 'ది బ్యారేజ్ హ్యాజ్ 175 గేట్స్'. బ్యారేజీ ఒకటే కాబట్టి 'హ్యాజ్', గేట్లు ఎన్నున్నా సరే. లేదనాలంటే 'డజంట్ హ్యావ్'. 'డజంట్' పడ్డాక 'హ్యాజ్' మళ్లీ రాదు.

ఇంకొకటి కలుపుతానండి. నీటితీరువా అర్జీల్లో 'ఐ హ్యావ్ పెయిడ్ ఇట్ ఆన్ 10 మార్చ్' అని కనిపిస్తుంది. గడిచిపోయిన తేదీ వేస్తే 'హ్యావ్' తీసెయ్యాలి: 'ఐ పెయిడ్ ఇట్ ఆన్ 10 మార్చ్'. తేదీ లేకుండా, బాకీ లేదని చెప్పడానికైతే 'ఐ హ్యావ్ పెయిడ్ ఇట్'.

– అయితే 'హ్యావింగ్' ఎక్కడ కనబడినా కొట్టెయ్యొచ్చా?

– వద్దండి. 'ఫార్మర్స్ హ్యావింగ్ ల్యాండ్ అండర్ దిస్ కెనాల్' అంటే ఈ కాలువ కింద భూమి ఉన్న రైతులు, అది సరైనదే. ముందు 'యామ్, ఈజ్, ఆర్' ఉన్నాయేమో చూసి, అప్పుడు కలం పెట్టండి.