అమెరికాలో పాత జపాన్ డీజిల్ ల్యాండ్ క్రూజర్: అంత మోజెందుకు?

డల్లాస్_కొత్తోడు:

అందరికీ నమస్తే. మా ఆఫీసు పార్కింగ్‌లో ఒకాయన జపాన్ నుంచి తెప్పించిన ల్యాండ్ క్రూజర్ పెడతాడు. స్టీరింగ్ కుడివైపు. సాయంత్రం ఆయన స్టార్ట్ చేస్తే మూడో అంతస్తు దాకా టకటకమని వినిపిస్తుంది. పోయిన నెల ఒకరోజు ఇంటి దాకా దింపాడు. అంతే, అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఊరికి దగ్గర్లోనే ఒకటి అమ్మకానికి ఉంది. 1992 మోడల్ హెచ్‌డీజే81, అంటే 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌లో డీజిల్ రకం, 4.2 లీటర్ల టర్బో డీజిల్, ఆటోమేటిక్. ఎవరో ఇప్పటికే దింపుకుని టైటిల్ కూడా చేయించారు. దాంతోపాటు 1999 డీజిల్ ప్రాడో (ల్యాండ్ క్రూజర్లలో చిన్నది) ఒకటి చూస్తున్నా. నాకు అర్థం కానిది ఒకటే. ఇక్కడ అమెరికాలో 1993 నుంచి అమ్మిన పెట్రోల్ 80 సిరీస్‌కి 212 హార్స్‌పవర్. ఈ డీజిల్‌కి 165 దగ్గర. పవర్ తక్కువ, మోత ఎక్కువ, స్టీరింగ్ తప్పు వైపు, అయినా రేటు మాత్రం ఎక్కువ. ఎందుకు? మైలేజీ కోసమేనా?

మా ఆవిడ మాత్రం ఒకే మాట అడిగింది: "చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?" సమాధానం చెప్పలేకపోయాను.

పాతిక_దాటిన_బండి:

నమస్తే అండీ. నా దగ్గర సరిగ్గా అదే బండి ఉంది, 1992 హెచ్‌డీజే81. 2019లో గాల్వెస్టన్ పోర్టులో దిగితే నేనే వెళ్లి హ్యూస్టన్ దాకా నడుపుకుంటూ వచ్చాను. కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

ముందు హార్స్‌పవర్ సంగతి. ఆ అంకె ఇంజిన్ గట్టిగా తిరిగినప్పటిది. మనం రోజూ బండిని అంత గట్టిగా తిప్పం కదా. పెట్రోల్ 80 సిరీస్‌లో లాగుడు బాగా అందేది 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాటాక. మన డీజిల్ బండిలోని ఈ 1హెచ్‌డీ-టీ ఇంజిన్ 1,500 దగ్గరే భుజం పెట్టి నెడుతుంది. పెట్రోల్ ఇంజిన్ గాలిని సుమారు 9 రెట్లు నొక్కితే ఇది 18 రెట్లకు పైగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకి గాలి ఎంత వేడెక్కుతుందంటే, డీజిల్ చిమ్మగానే దానంతట అదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ పనే లేదు. పైగా పెట్రోల్ ఇంజిన్‌లోలాగా గాలిని తగ్గిస్తూ పెంచుతూ వేగం మార్చడం ఉండదు. ఎంత డీజిల్ చల్లుతామన్నదే లెక్క. అందుకే నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా తాగేది తక్కువ.

ఇదంతా కాగితం మీది మాట. రేటన్ పాస్ ఎక్కితే ఒంటికి తెలుస్తుంది. న్యూ మెక్సికో నుంచి కొలరాడోలోకి దాటే చోట అది దాదాపు 7,800 అడుగుల ఎత్తు. నా స్నేహితుడు తన 1994 పెట్రోల్ 80లో ముందు, నేను వెనక, రెండు బండ్లలోనూ నిండా సామాను. వాడి బండి మూడు, రెండు, మళ్లీ మూడు అంటూ గేర్లు వెతుక్కుంటూ 4,000 ఆర్‌పీఎంలో అరుస్తూ ఎక్కింది. నాది మూడో గేరులో 2,500 దగ్గర కూర్చుని, ఇంకేమైనా పనుందా అన్నట్టు ఎక్కింది. పైకి ముందు చేరింది మాత్రం వాడే, అదీ చెప్పాలి. కానీ పైన దిగాక వాడు చెమటలు తుడుచుకున్నాడు, నేను పాట మధ్యలో ఆపి దిగాను. ఈ మోజంతా ఆ తేడాకే.

రెండోది, సింపుల్‌గా ఉండటం. ఇంజిన్‌లోకి డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు దీనిలో పూర్తిగా మెకానికల్. ఒకసారి స్టార్ట్ అయ్యాక, డీజిల్ ఆపే సోలినాయిడ్‌కి (కరెంటు వాల్వుకి) ఒక్క వైరులో కరెంటు ఉంటే చాలు, తిరుగుతూనే ఉంటుంది. 2007 తర్వాతి డీజిళ్లలో మసి పట్టే ఫిల్టరు, ఆ తర్వాత పొగ శుభ్రం చేయడానికి వచ్చిన యూరియా ట్యాంకు, సెన్సార్లు, ఇవేవీ దీనిలో లేవు. ఊళ్లో రెండేసి మైళ్లు తిరిగేవాళ్లకి కొత్త డీజిళ్లు పెట్టే టెన్షన్ చాలావరకు ఆ ఫిల్టరుతోనే.

ఇక మైలేజీ కోసం అయితే కొనకండి. ఇది నేను లెక్క వేసుకునే చెప్తున్నాను. నాకు గాలన్‌కి 19 మైళ్లు వస్తుంది, నా స్నేహితుడికి 13. ఏడాదికి 8,000 మైళ్లు అనుకోండి. వాడికి 615 గాలన్లు, నాకు 421. పెట్రోల్ 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకుంటే ఏడాది మొత్తానికి నాకు మిగిలేది 330 డాలర్లు. నా ఇంజెక్షన్ పంపు సీళ్లు కారడం మొదలై పంపు విప్పించి మళ్లీ బిగించినప్పుడు నాలుగేళ్ల మిగులు ఒక్క బిల్లులో పోయింది. మామూలే ఇది. ఇక్కడ 2006 నుంచి రోడ్డు డీజిల్‌లో గంధకం బాగా తగ్గించారు, 15 పీపీఎంకి, అంటే పది లక్షల్లో 15 వంతులకి. ఈ పంపులు పాతకాలం డీజిల్‌కి అలవాటు పడ్డవి. కొత్తది పడేసరికి గట్టిపడిన పాత రబ్బరు సీళ్లు కుంచించుకుని చెమర్చడం మొదలుపెడతాయి.

అసలు భయపడాల్సింది బేరింగులకి. 1హెచ్‌డీ-టీ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది అదే, కనెక్టింగ్ రాడ్ కింద ఉండే బిగ్ ఎండ్ బేరింగులు. నాకు అమ్మినవాళ్లు "మార్చేశాం" అన్నారు, కాగితం లేదు. నెల రోజులు ఊరుకున్నాను. ఐడిల్‌లో వినిపించే ప్రతి చప్పుడూ అదేనేమో అనిపించి, ఒక శనివారం ఆయిల్ పాన్ దింపేశాను. ఒకటి, రెండు, మూడు షెల్స్ (బేరింగు రేకులు) బూడిదరంగులో నున్నగా బాగానే ఉన్నాయి. నాలుగోది పై షెల్ తీసి టార్చి లైటు కింద పెడితే, మధ్యలో వేలిముద్రంత మేర పైపూత పోయి రాగి బయటపడి ఉంది. గోరుతో రాస్తే అంచు తెలుస్తోంది. ఇంకో పదివేల మైళ్లు అలాగే తిప్పి ఉంటే రాడ్డు ఇంజిన్ గోడ పగలగొట్టుకుని బయటికొచ్చేదేమో. ఆరు జతలూ మార్చాను. సామాను ఖరీదు పెద్దగా లేదు, నడుము నొప్పే వారం ఉంది. ఆ షెల్ ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్ వెయిట్‌లా ఉంటుంది. అమ్మేవాళ్ల నోటిమాట నమ్మబుద్ధి అయినప్పుడల్లా దానివైపు చూస్తాను.

కాబట్టి మీరు చూస్తున్న బండికి బేరింగులు మార్చిన బిల్లు అడగండి. లేదంటే అది మీ పని అనుకుని రేటు తగ్గించి అడగండి.

అంకెల_మనిషి:

రెండు మాటలు. 25 ఏళ్లు నిండిన బండికి ఫెడరల్ సేఫ్టీ రూల్స్ వర్తించవు, తయారైన నెల నుంచి లెక్క. పొగ రూల్స్ విషయంలో పర్యావరణ సంస్థ ఈపీఏ గడువు 21 ఏళ్లు, ఇంజిన్ ఒరిజినల్‌గా ఉండాలి. ఈ బండి ఇప్పటికే దిగిపోయింది కాబట్టి అప్పుడు ఇచ్చిన హెచ్‌ఎస్-7 (సేఫ్టీది), 3520-1 (పొగది) ఫారాల కాపీలు, కస్టమ్స్ వదిలిన కాగితం అడిగి తీసుకోండి. రేపు వేరే స్టేట్‌కి మారితే అవే దిక్కు. కాలిఫోర్నియా వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం కొనకముందే అక్కడి రూల్స్ చూసుకోండి, వాళ్ల దారి వేరు.

కొలరాడో_డెలికా:

నాది కొంచెం వేరే మాట, ఏమీ అనుకోకండి. నాలుగేళ్లు మిత్సుబిషి డెలికా వ్యాన్ నడిపాను, 2.8 లీటర్ల 4ఎం40 డీజిల్. మంచులో నాలుగు చక్రాలూ పట్టుకుని నడుస్తుంటే ఎంత ముచ్చటేసేదో. పోయినేడు అమ్మేశాను.

కారణం రిపేర్లు కాదు. ఒకరోజు స్కూలు దగ్గర లైన్లో ఉన్నాను. ముందు పిల్లలు దిగుతున్నారు. కదలడానికి కాలు నొక్కగానే వెనక నల్లగా ఒక మబ్బు లేచి, పక్క బండిలోంచి దిగుతున్న పాప మొహం మీదకి వెళ్లింది. వాళ్ల అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి అడ్డం పెట్టి పాపని పక్కకి లాగిందంతే. 2012లో డబ్ల్యూహెచ్‌వో క్యాన్సర్ సంస్థ డీజిల్ పొగని క్యాన్సర్ కారకమని తేల్చింది. ఆ సంగతి నాకు అంతకుముందూ తెలుసు. కానీ తెలియడం వేరు, అద్దంలో చూడటం వేరు. మినహాయింపు ఉందంటే అడగరని అర్థం, పొగ రాదని కాదు. పైన పాతిక గారు అంత రాశారు కానీ దీని గురించి ఒక్క ముక్క రాయలేదు.

పాతిక_దాటిన_బండి:

నిజమే, రాయలేదు. రాయాల్సింది. అసలు ఈ బండ్లు మన దాకా రావడానికి కారణమే ఆ పొగ. 1999లో టోక్యో గవర్నర్ ఇషిహారా, మసి నింపిన ప్లాస్టిక్ బాటిల్ పట్టుకుని ప్రెస్ ముందు ఊపి చూపించాడు. 2003 అక్టోబర్ నుంచి ప్రమాణాలకు తగని డీజిల్ లారీలు, బస్సులు టోక్యోలో తిరగకూడదన్నారు. దేశం చట్టం కూడా బిగిసి, పెద్ద నగరాల చుట్టుపక్కల పాత డీజిల్ ఎస్‌యూవీలకి కూడా మళ్లీ ఫిట్‌నెస్ దొరకడం కష్టమైంది. 11 ఏళ్లు దాటిన డీజిల్‌కి బండి పన్ను కూడా ఎక్కువ. అలా ఇంకా బాగున్న బండ్లే ఓడలెక్కాయి. వాళ్లు వద్దనుకున్న పొగని మనం డబ్బిచ్చి తెచ్చుకున్నాం, అందులో దాపరికం ఏముంది.

నేను చేసేదల్లా డీజిల్ చిమ్మే నాజిల్స్ సర్వీసు చేయించడం, ఎయిర్ ఫిల్టరు మార్చడం, కొందరిలా పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పోయించకపోవడం. నల్లపొగ బాగా తగ్గింది, పోలేదు. స్కూలు లైనుకి మా ఇంట్లో ఇంకో బండి ఉంది. ఇది మీకు సరైన సమాధానం కాదని తెలుసు.

డల్లాస్_కొత్తోడు:

ఇద్దరికీ థాంక్స్. నాకు ఉన్నది ఒక్క బండే, దీన్నే రోజూ నడపాలి. అందుకే ఆలోచనలో పడ్డాను. ప్రాడో అయితే కొత్తది కదా, అది నయమా? ఇంకోటి, మా ఆవిడ ప్రశ్న అలాగే ఉంది.

పాతిక_దాటిన_బండి:

ప్రాడోలో ఉన్న 1కేజెడ్-టీఈ నెమ్మదైన ఇంజినే, కానీ వేడెక్కితే సిలిండర్ హెడ్ పగులుతుంది. ఒక్కసారి ఓవర్‌హీట్ అయిందని తెలిసినా వదిలేయండి. రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, స్టార్ట్ చేయించి, ఆగకుండా బుడగలొస్తున్నాయేమో చూడండి.

మీ ఆవిడ గారి ప్రశ్నకి జవాబు: సగం మీరే. ఛాసిస్, బ్రేకులు, యాక్సిళ్లలో చాలా సామాను ఇక్కడి 80 సిరీస్‌దే సరిపోతుంది, ఎవరైనా చేస్తారు. ఇంజిన్ సామాను నేను ఆస్ట్రేలియా నుంచో కెనడా నుంచో తెప్పిస్తాను. కెనడాలో 15 ఏళ్లకే దిగుమతికి ఒప్పుకుంటారు కాబట్టి అక్కడ ఇవి ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. ఇక్కడి మామూలు షాపుల్లో హుడ్ ఎత్తి చూసి దించేసేవాళ్లే ఎక్కువ. స్టార్టర్ 24 వోల్టులది, మిగతా బండంతా 12. రెండు బ్యాటరీలు స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం సిరీస్‌లో కలుస్తాయి. ఈ సంగతి హుడ్ కింద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను, జంపర్ కేబుళ్లు పట్టుకొచ్చే మంచివాళ్ల కోసం.

ఒకసారి కొలరాడోలో ట్రినిడాడ్ దగ్గర మోటెల్‌లో పొద్దున్నే స్టార్ట్ చేస్తే అరనిమిషం తిరిగి చచ్చిపోయింది. టెక్సస్‌లో చిల్డ్రెస్ దగ్గర పోయించుకున్న డీజిల్ అది. రాత్రి చలికి అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోయింది. విప్పితే లోపల పేరుకున్న నెయ్యిలా ఉంది. స్పేర్ ఫిల్టరు ఉంది కాబట్టి బతికాను. యాంటీ జెల్ (గడ్డకట్టనివ్వని మందు) కలిపిన డీజిల్ అందులో నింపి బిగించి, చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, స్టార్ట్ చేశాను. మొత్తం నలభై నిమిషాలు, వేళ్లు కొంకర్లు పోయాయి. ఇలాంటి పొద్దు తలచుకుంటే చిరాకేస్తుందా, నవ్వొస్తుందా? చిరాకేస్తే మీరు పెట్రోల్ 80 కొనుక్కుని హాయిగా ఉండండి. అదీ మంచి బండే.

కొలరాడో_డెలికా:

చూడటానికి వెళ్తే ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే వాళ్లు ఏదో దాస్తున్నట్టే. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ మూత వదులు చేయండి. ఆవిరి కొద్దిగా వస్తే పర్లేదు, మూత ఎగిరిపడుతుంటే పర్లేదు కాదు. కింద ఛాసిస్ మీద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పుంటే దిగిపోతుంది. ఇంకోటి, రెండు లేన్ల రోడ్డు మీద ముందు లారీని దాటాలంటే కుడి సీట్లోంచి ఎదురొచ్చేది కనపడదు. పక్క సీట్లో నమ్మకమైన మనిషి ఉండాలి.

డల్లాస్_కొత్తోడు:

శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్తున్నా. స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పాను. ఈ పోస్టులన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. స్కూలు దగ్గర సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కొనడం సంగతి తర్వాత, ముందు నేనూ వచ్చి చూస్తా, స్క్రూడ్రైవర్ నాకివ్వు" అంది.