ఎరుపు తెలుపుల ఫ్యామికామ్‌కు ఏవీ అవుట్‌పుట్, విడదీసే కంట్రోలర్లు: పెట్టెను కోయకుండా సాధ్యమేనా?

ప్రశ్న (హైదరాబాదు నుంచి)

అందరికీ నమస్కారం. జపాన్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి ఈ మధ్యనే తిరిగి వచ్చాను. వస్తూ వస్తూ టోక్యోలోని అకిహబారాలో కొన్న నింటెండో ఫ్యామిలీ కంప్యూటర్‌ను, అంటే అందరూ ఫ్యామికామ్ అనే యంత్రాన్ని, వెంట తెచ్చుకున్నాను. 1983 జూలైలో జపాన్‌లో విడుదలైన హెచ్‌వీసీ-001 నమూనా ఇది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో గంటకు ఇంత అని డబ్బులిచ్చి మేము ఆడుకున్న టీవీ గేములు దీని నకళ్లేనని పెద్దయ్యాక తెలిసింది. అప్పటి నుంచి అసలు యంత్రం మీద ఒక్కసారైనా ఆడాలని కోరిక.

ఇంటికి తెచ్చాక రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది, దీనికి యాంటెనా సాకెట్టులో పెట్టే ఆర్‌ఎఫ్ అవుట్‌పుట్ తప్ప వేరే దారి లేదు. మా ఇంట్లోని పాత టీవీలో ఛానెళ్లన్నీ వెతికినా బొమ్మ అస్పష్టంగా కదులుతుందే గాని నిలవడం లేదు, శబ్దం అసలే రావడం లేదు. రెండవది, కంట్రోలర్ల తీగలు పెట్టె లోపలికే వెళ్లిపోతాయి కాబట్టి వాటిని ఊడదీసే వీలు లేదు. పైగా మొదటి కంట్రోలర్ తీగ లోపల ఎక్కడో తెగినట్టుంది, వంచి పట్టుకుంటేనే బటన్లు పనిచేస్తున్నాయి.

మరమ్మతు చేసే ఒకరికి చూపిస్తే ఆర్‌ఎఫ్ డబ్బాను పూర్తిగా తీసేసి, ముందు వైపు రెండు రంధ్రాలు కోసి సాకెట్లు బిగిస్తానన్నారు. నలభై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న ప్లాస్టిక్‌ను కోయడానికి నాకు మనసొప్పడం లేదు. చిన్న చిన్న కిట్లకు టంకం వేసిన అనుభవం నాకు ఉంది. పెట్టెను కోయకుండా ఈ రెండు పనులూ చేయవచ్చా? మన 230 వోల్టుల కరెంటుకు ఏ అడాప్టర్ వాడాలో కూడా దయచేసి చెప్పండి.

మొదటి జవాబు (విశాఖపట్నం నుంచి)

నమస్కారం అండీ. కోయకుండా చేయవచ్చు. అయితే వీడియో సంగతికి ముందు కరెంటు సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే మిగతా పనికి అవకాశమే ఉండదు. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు కాబట్టి దానితో వచ్చిన అడాప్టర్‌ను మన గోడ ప్లగ్గులో నేరుగా పెట్టకండి. ఆ అడాప్టర్ బయటికి ఇచ్చేది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీయాంపులు, మధ్య పిన్ను నెగెటివ్. మన బజారులో దొరికే 9 వోల్టుల, 1 యాంపు డీసీ అడాప్టర్ చక్కగా సరిపోతుంది గాని అందులో చాలావాటికి మధ్య పిన్ను పాజిటివ్‌గా ఉంటుంది కనుక మల్టీమీటర్‌తో చూసుకొని, అవసరమైతే తీగలు తారుమారు చేసుకున్నాకే పెట్టండి. ఫ్యామికామ్ అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఎన్‌ఈఎస్‌లో ఆ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ ఉంది, ఫ్యామికామ్‌లో లేదు. ప్లగ్గు సరిపోయింది కదా అని దాన్ని వాడితే యంత్రం పాడవుతుంది.

ఇక టీవీ విషయం. ఫ్యామికామ్ ఆర్‌ఎఫ్ జపాన్ ఒకటవ ఛానెల్, రెండవ ఛానెల్ మీద, అంటే 91.25, 97.25 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. మన దేశంలో అది ఎఫ్‌ఎం రేడియో ఉండే చోటు. బొమ్మకూ శబ్దానికీ మధ్య దూరం జపాన్ పద్ధతిలో 4.5 మెగాహెర్ట్జ్ అయితే మన పాల్-బి పద్ధతిలో 5.5 మెగాహెర్ట్జ్, అందువల్ల బొమ్మ దొరికినా శబ్దం దొరకదు. మీ టీవీలో లోపం ఏమీ లేదు, ఆ దారే మనకు పనికిరాదు.

చేయవలసిందల్లా సంకేతాన్ని అది పుట్టిన చోటనే అందుకోవడం. బొమ్మను తయారుచేసేది 2సీ02 అనే నలభై కాళ్ల చిప్పు, దాని 21వ కాలు నుంచి కాంపోజిట్ వీడియో, అంటే రంగూ వెలుగూ ఒకే తీగలో కలిసి వచ్చే సంకేతం, వస్తుంది. ఆ కాలును బోర్డు నుంచి విడదీసి, ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ బేసుకు కలపండి. కలెక్టర్‌ను గ్రౌండుకు కలిపి, ఎమిటర్‌ను 300 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు కలపండి. అదే ఎమిటర్ నుంచి 110 ఓమ్‌ల రెసిస్టర్, ఆ తరువాత 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ దాటించి తీగను బయటికి తెస్తే అదే మీ వీడియో అవుట్‌పుట్. కెపాసిటర్ పాజిటివ్ కొస ట్రాన్సిస్టర్ వైపు ఉండాలి. ఈ పనికి పేరున్న ట్రాన్సిస్టర్ 2ఎస్ఏ1015. అది దొరకకపోతే కోఠీ గుజరాతీ గల్లీలో బీసీ557 అడగండి, కానీ ఈ రెండింటి కాళ్ల వరుస ఒకటి కాదని మరచిపోకండి.

ఇదంతా చిప్పుకు వీలైనంత దగ్గరలో, దాని వీపు మీదనే కట్టడం మంచిది. 21వ కాలును బోర్డు మీదనే ఉంచి దూరంగా ఎక్కడి నుంచో సంకేతం తీసుకుంటే, పక్కన పరుగెత్తే డేటా తీగల అలజడి వీడియోలో కలిసి తెర మీద నిలువు చారలు కనిపిస్తాయి. నేను మొదటిసారి ఆ కాలును విడదీయడానికి భయపడి అలాగే చేసి, నెల రోజులు ఆ చారలను చూస్తూ ఆడాను.

ఆర్‌ఎఫ్ బోర్డును మాత్రం తీసేయకండి. పవర్ స్విచ్చు, 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్ కూడా ఆ బోర్డు మీదనే ఉన్నాయి. దాని నుంచి ఆర్‌ఎఫ్ సాకెట్టు ఒక్కటి విప్పితే వెనుక ఒక గుండ్రటి రంధ్రం మిగులుతుంది. అందులో నాలుగు వలయాల 3.5 మిల్లీమీటర్ల జాక్ బిగించుకుంటే వీడియో, ఆడియో రెండూ ఒకే తీగలో వస్తాయి. ఇలాంటి ఏవీ కేబుళ్లలో ఏ వలయం దేనికన్నది తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి కొన్న కేబుల్‌ను ముందు మల్టీమీటర్‌తో చూసుకొని, తరువాతే జాక్‌కు టంకం వేయండి.

రెండవ జవాబు (గుంటూరు నుంచి)

వీడియో గురించి పైన చెప్పినదానికి కలపవలసింది లేదు. నేను కంట్రోలర్ల గురించి చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో ఎక్కువ మంది తొందరపడి యంత్రానికి తీరని నష్టం చేసేది ఇక్కడే.

ఫ్యామికామ్ కంట్రోలర్ లోపల ఉన్నది 4021 అనే ఒక చిన్న చిప్పు మాత్రమే. యంత్రం లాచ్ సంకేతం పంపగానే అది ఎనిమిది బటన్ల స్థితిని ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ తరువాత క్లాక్ పంపిన ప్రతిసారీ ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి అనే వరుసలో ఒక్కొక్కటిగా చెబుతుంది. కాబట్టి 5 వోల్టులు, గ్రౌండు, లాచ్, క్లాక్, డేటా అనే ఐదు తీగలుంటే చాలు. తీగల రంగులను నమ్మకండి. కంట్రోలర్‌ను విప్పి 4021 కాళ్ల నుంచి కొలవండి: 16వది 5 వోల్టులు, 8వది గ్రౌండు, 9వది లాచ్, 10వది క్లాక్, 3వది డేటా.

కంట్రోలర్ల తీగలు పెట్టె లోపల మదర్‌బోర్డుకు ప్లగ్గులతోనే కలిసి ఉంటాయి, టంకంతో కాదు. అందుకని అసలు తీగలను కోయవలసిన పని లేదు. ఆ ప్లగ్గులు ఊడదీసి, వాటి చోట కొత్త పొట్టి తీగలు పెట్టి, పాత తీగలు వెనుక నుంచి బయటికి వచ్చే సందుల గుండానే బయటికి తెచ్చి, చివర సాకెట్లు బిగించుకోండి. ముందు వైపు కోత అక్కరలేదు, నచ్చకపోతే పావుగంటలో యంత్రాన్ని యథాస్థితికి తేవచ్చు. తెగిన మొదటి కంట్రోలర్‌కు కొత్త తీగ వేస్తే అది కూడా బతుకుతుంది.

ఏ సాకెట్టు అన్నదే అసలు ప్రశ్న. విదేశాల్లో ఎక్కువ మంది ఎన్‌ఈఎస్ ఏడు పిన్నుల సాకెట్టు పెడతారు. నింటెండో స్వయంగా 1993 డిసెంబరులో తెచ్చిన ఏవీ ఫ్యామికామ్‌లో కూడా అదే పెట్టింది. దాని మరో లాభం ఏమిటంటే, మిగిలిన రెండు పిన్నులకు ఫ్యామికామ్ ముందున్న పదిహేను పిన్నుల ఎక్స్‌పాన్షన్ పోర్టు నుంచి 4, 5 సంఖ్యల తీగలను తెచ్చి రెండవ సాకెట్టులో కలిపితే తెరకు గురిపెట్టి ఆడే ఎన్‌ఈఎస్ తుపాకీ కూడా పనిచేస్తుంది, అయితే పాత బొమ్మగొట్టపు టీవీ మీద మాత్రమే.

అయినా మీకు నా సలహా తొమ్మిది పిన్నుల డి సాకెట్టు. దానికి కారణం రెండవ కంట్రోలర్‌లోని మైకు. ఫ్యామికామ్ రెండవ కంట్రోలర్‌కు స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు, వాటి బదులు ఒక మైకు, దాని శబ్దాన్ని పెంచే తగ్గించే జారుడు మీట ఉంటాయి. జెల్డా మొదటి ఆట జపాన్ కూర్పులో పొడుగు చెవుల శత్రువులు ఆ మైకులో అరిస్తే చచ్చిపోతాయి. మైకు లేని అమెరికా యంత్రానికి ఆట వెళ్లినప్పుడు కూడా వాటికి పెద్ద శబ్దం గిట్టదన్న మాట ఆటతో వచ్చే సూచనల పుస్తకంలో అలాగే మిగిలిపోయి, అక్కడి పిల్లలు తికమకపడ్డారు. నింటెండో ఏవీ ఫ్యామికామ్‌లో ఆ మైకునే వదిలేసింది. తొమ్మిది పిన్నుల్లో ఐదు పోగా మిగిలినవి మైకు తీగలకు సరిపోతాయి కాబట్టి మీ యంత్రం ఆ గుణాన్ని పోగొట్టుకోదు.

మన దగ్గర బజారులో దొరికే చవక టీవీ గేమ్ కంట్రోలర్లకు కూడా తొమ్మిది పిన్నుల ప్లగ్గే ఉంటుంది. వాటిని నేరుగా పెట్టే ముందు వాటి వరుసను కొలవండి. చాలావాటిలో 2 డేటా, 3 లాచ్, 4 క్లాక్, 6 పాజిటివ్, 8 గ్రౌండు అయినా, వేరుగా ఉన్నవి కూడా నా చేతికి వచ్చాయి. సెగా మెగా డ్రైవ్ కంట్రోలర్ కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది గాని దానిలో 5 వోల్టులు 5వ పిన్నులో ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకే సంచీలో ఉంచకండి.

మూడవ జవాబు (బెంగళూరు నుంచి)

ఇంత శ్రమపడి కాంపోజిట్ దగ్గర ఆగిపోవడం ఎందుకని నా ప్రశ్న. ఈనాటి ఎల్‌సీడీ టీవీలు చాలావరకు ఇలాంటి 240 గీతల సంకేతాన్ని 480 గీతల ఇంటర్లేస్ (గీతలను ఒకటి విడిచి ఒకటి గీసే) బొమ్మగా పొరబడి కదలికలను చెరుపుతాయి, బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి ఆలస్యం కూడా చేస్తాయి. మీ దగ్గర బొమ్మగొట్టపు టీవీ ఉందన్నారు, దాని ఏవీ ఇన్‌పుట్ జపాన్ టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీని అంగీకరిస్తుందో లేదో ముందే చూసుకోండి. ఎన్‌టీఎస్‌సీ రంగు సంకేతం 3.58 మెగాహెర్ట్జ్, మన పాల్‌ది 4.43. పాల్ మాత్రమే తెలిసిన టీవీలో బొమ్మ వచ్చినా నలుపు తెలుపుల్లోనే వస్తుంది.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను వేర్వేరు తీగల్లో పంపే ఆర్‌జీబీ కావాలనుకుంటే మాత్రం ఈ యంత్రంలో తేలిక దారి లేదు. సూపర్ ఫ్యామికామ్‌లో, మెగా డ్రైవ్‌లో ఆర్‌జీబీ సంకేతాలు లోపల సిద్ధంగా ఉంటాయి. 2సీ02 అలా కాదు, అది తన లోపలే నేరుగా కాంపోజిట్‌ను తయారుచేస్తుంది. ఒకప్పుడు కొందరు ప్లేచాయిస్-10 ఆర్కేడ్ బోర్డుల నుంచి ఆర్‌జీబీ ఇచ్చే 2సీ03 చిప్పులు పెరికి ఇందులో పెట్టేవారు. ఒక పాత యంత్రాన్ని బతికించడానికి మరో పాత యంత్రాన్ని చంపడం నాకు ఎప్పుడూ తప్పుగానే తోచింది. ఇప్పుడు ఎన్‌ఈఎస్‌ఆర్‌జీబీ వంటి బోర్డులు ఉన్నాయి. వాటికోసం చిప్పును పూర్తిగా ఊడదీసి ఆ బోర్డు మీద అమర్చాలి. హెచ్‌డీఎంఐ ఇచ్చే హై-డెఫ్ ఎన్‌ఈఎస్ బోర్డుకైతే వీడియో చిప్పుతో పాటు ప్రాసెసర్‌ను కూడా ఊడదీయాలి. పీల్చే పంపు ఉన్న డీసోల్డరింగ్ స్టేషన్ లేకుండా నలభై కాళ్లను విప్పబోతే ట్రాకులు లేచిపోతాయి. కాబట్టి నా ప్రశ్నకు నేనే జవాబు చెబుతున్నాను: మీ దగ్గర ఆ పరికరం లేకపోతే కాంపోజిట్‌తోనే మొదలుపెట్టండి. రేపు ఆర్‌జీబీ కావాలనుకున్నా దీనివల్ల నష్టమేమీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు వారాల తరువాత రాస్తున్నాను. బీసీ557తో వీడియో కట్టాను, 21వ కాలును విడదీశాను. మా పాత టీవీ ఎన్‌టీఎస్‌సీని గుర్తించింది, రంగులు వచ్చాయి, చారలు దాదాపు కనిపించడం లేదు. తొమ్మిది పిన్నుల సాకెట్లు వెనుక సందుల నుంచి తెచ్చాను, మైకు తీగలు కూడా కలిపాను.

ఒక్క విషయం అర్థం కావడం లేదు. శబ్దాన్ని ప్రాసెసర్ ఒకటవ, రెండవ కాళ్ల నుంచి తీసుకున్నాను. మామూలు క్యాసెట్లన్నీ బాగున్నాయి గాని కొనామీ వీఆర్‌సీ6 చిప్పు ఉన్న ఒక క్యాసెట్టులో మాత్రం సంగీతం సగమే వినిపిస్తోంది. క్యాసెట్టు చెడిపోయిందా?

మొదటి జవాబు ఇచ్చినవారు

క్యాసెట్టు బాగానే ఉంది అండీ, నేను ఆడియో గురించి వివరంగా రాయకపోవడమే తప్పు. ఫ్యామికామ్‌లో శబ్దం ప్రాసెసర్ నుంచి నేరుగా బయటికి పోదు. స్లాటు 45వ పిన్ను ద్వారా క్యాసెట్టులోకి వెళ్లి, అక్కడ క్యాసెట్టులోని చిప్పు శబ్దం కూడా కలుపుకొని, 46వ పిన్ను ద్వారా తిరిగి వస్తుంది. మామూలు క్యాసెట్లలో ఆ రెండు పిన్నులూ ఒకదానికొకటి కలిసి ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. మీరు తీసుకున్నది క్యాసెట్టుకు ముందున్న శబ్దం కనుక వీఆర్‌సీ6 అదనంగా ఇచ్చే మూడు స్వరాలూ మీకు అందడం లేదు. 1986లో వచ్చిన, ఆటలను డిస్కుల నుంచి నడిపే డిస్క్ సిస్టమ్ పెట్టినా ఇదే జరుగుతుంది. ఆడియో తీగను ప్రాసెసర్ నుంచి తీసి 46వ పిన్ను వైపుకు మార్చండి.

ప్రశ్న అడిగినవారు

రాత్రే మార్చాను. మూడు స్వరాలూ వచ్చాయి. ఆర్‌ఎఫ్ సాకెట్టును, కంట్రోలర్ల అసలు ప్లగ్గులను చిన్న కవరులో వేసి, ఏది ఎక్కడిదో రాసి, యంత్రం అట్టపెట్టెలోనే భద్రపరిచాను.