ఇథియోపియా పల్లెలో బోరు వేయించేముందు చూడవలసినవి

ప్రశ్న: ఇథియోపియా రిఫ్ట్ లోయలోని ఒక పల్లెకు తాగునీటి బోరు వేయించడానికి మా చిన్న సేవాసంస్థ చందాలు పోగుచేస్తోంది. తవ్వకానికి ముందు ఏమేమి విచారించాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: మొదట ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. అక్కడి అగ్నిపర్వత శిలల వల్ల అనేక బోర్లలో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దును, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములను, దాటుతుంది. నల్లగొండవారికి ఈ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు.

జవాబు: పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును మడ్డిగా దింపే నల్లగొండ పద్ధతిని ఆ లోయలోనూ ప్రయోగించారు. అయితే రోజూ మోతాదు సరిచూసే మనిషి లేకపోతే తొట్టి మూలపడుతుంది కనుక, వీలుంటే ఫ్లోరైడ్ తక్కువున్న మరో నీటివనరును వెతకడమే మేలు.

జవాబు: మరమ్మతు సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆఫ్రిడెవ్ చేతిపంపును ఊరివారే విప్పి బాగుచేసుకోగలరు గాని, అది సుమారు 45 మీటర్ల లోతు వరకే పనికివస్తుంది. వాషర్లకు నెలనెలా రుసుము వసూలు చేసే నీటి సంఘమూ ఉండాలి.