బుట్టలు పెట్టినా ఎలుకలు తగ్గట్లేదు, లెక్క ఎక్కడ తప్పుతోంది?

నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నాలుగెకరాల వరి. ఈ సార్వాలో (ఖరీఫ్ పంటలో) ఎలుకల బుట్టలు పెట్టే ఆయన రెండు రాత్రుల్లో 63 ఎలుకల్ని పట్టాడు. నెల తిరగకుండానే, చేను పొట్ట మీద ఉండగా మళ్లీ కొరికేశాయి.

మా అబ్బాయి డిగ్రీలో జువాలజీ. కొన్నిటిని చంపితే మిగిలినవాటికి తిండీ చోటూ పెరుగుతాయి, పక్క గట్ల నుంచి కొత్తవీ వస్తాయి అంటాడు. ఎలుకకి గర్భం మూడు వారాలేనట. అసలెన్ని ఉన్నాయో తేలాలంటే బోనుల్లో ప్రాణంతో పట్టి, గుర్తు పెట్టి వదలాలట. 40కి గుర్తు పెట్టి వదిలాక, మళ్లీ పట్టిన 30లో 6 గుర్తువి ఉంటే, అంటే అయిదో వంతు, ఆ 40 కూడా మొత్తంలో అయిదో వంతే అనుకుని మొత్తం సుమారు 200 అట. (పట్టిన ఎలుకని వదిలానంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు, అది వేరే సంగతి.)

నా సందేహం ఏంటంటే, ఈ లెక్క కుదరాలంటే మధ్యలో రాకపోకలు ఉండకూడదు కదా. కాలవ గట్టు ఆనుకున్న చేలో అదెలా? రెండు పట్టుళ్ల మధ్య ఎన్ని రోజులు ఆగాలి? ఒకసారి బోనులో పడ్డది భయపడి మళ్లీ రాకపోతే లెక్క ఎక్కువ చూపిస్తుందా? దాళ్వాకి (రబీ పంటకి) ముందు ఊరంతా ఒకేసారి మందు పెడితే నయమా?

గుడ్లగూబల కోసం కర్రలు కూడా పాతానండి. కాకులే వాలుతున్నాయి. చేసి చూసినవాళ్లు చెప్పండి.